ముక్కుకి రిజాయిండర్ రాయలేం

(కార్టూన్లు, జనాభిప్రాయం అనే అంశం మీద చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

కార్టూన్ల మీద మీటింగ్ అంటే మామూలుగా రెండు రకాల మాటలు వింటాం. కార్టూనిస్టుకి మైకిస్తే నా గీతకి ప్రభుత్వాలు వణికాయి అంటాడు, అదే ఎవరైనా కార్టూన్ చూసి మండిపడి ఆఫీసు మీదకొస్తే మాత్రం అబ్బే, జోకే కదండీ, ఇంత సీరియస్‌గా తీసుకుంటారేంటి అంటాడు. రెండూ ఒకే నోటితో. (నవ్వులు) నేను బొమ్మలు వేసేవాణ్ణి కాదు, పత్రికలో డెస్క్ మీద పనిచేసినవాణ్ణి, కార్టూన్‌కి పేజీలో జాగా వదలడం, రాత్రి పదింటికి అది ఇంకా రాలేదని ఫోన్లు చేయడం నా పని. అందుకని ఆ రెండు మాటల్లో దేన్నీ నేను పూర్తిగా నమ్మను.

నేననుకునేది ముందే చెప్పేస్తాను, తర్వాత నచ్చకపోతే పోట్లాడుకుందాం. కార్టూన్ చూసి ఓటు మార్చుకున్నవాణ్ణి నేనైతే చూడలేదు. కానీ ఒక మనిషి పేరు చెప్పగానే, లేదా ఒక మతం పేరో కులం పేరో చెప్పగానే, భార్య అనో పోలీసు అనో అనగానే మన బుర్రలో ఒక బొమ్మ లేస్తుంది చూశారా, ఆ బొమ్మని తయారుచేసి పెట్టేది చాలావరకు కార్టూనే. అభిప్రాయాలు ఆ బొమ్మ మీద తర్వాత మనమే కట్టుకుంటాం.

నెపోలియన్ ఎలా ఉంటాడండీ? పొట్టిగా ఉంటాడు, అంతేగా. ఇక్కడున్నవాళ్ళలో సగం మందికి నెపోలియన్ ఏ యుద్ధం ఎక్కడ ఓడిపోయాడో గుర్తులేకపోవచ్చు గానీ పొట్టివాడన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. అసలు సంగతేంటంటే ఆయన పొట్టివాడు కాడు, ఇప్పటి లెక్కలో అయిదడుగుల ఆరేడు అంగుళాలు ఉంటాడు, ఆ కాలంలో ఫ్రాన్సులో మగవాళ్ళ సగటు ఎత్తుకి తక్కువేం కాదు. ఫ్రెంచి అంగుళం ఇంగ్లీషు అంగుళం కంటే పెద్దది, ఆ లెక్కల గోల కొంత ఉంది నిజమే, కానీ ఆయన్ని పొట్టివాణ్ణి చేసింది ముఖ్యంగా లండన్‌లో జేమ్స్ గిల్‌రే అనే కార్టూనిస్టు. 1805లో గిల్‌రే వేసిన ఒక బొమ్మ ఉంది, బల్ల మీద భూగోళంలా గీసిన పుడింగు, అంటే ఒక తీపి వంటకం, అటు పక్క బ్రిటన్ ప్రధాని పిట్ సన్నగా పొడుగ్గా కుర్చీలో కుదురుగా కూర్చుని సముద్రాన్ని కోసుకుంటుంటాడు, ఇటు పక్క నెపోలియన్, తల కంటే టోపీ పెద్దది, ఆ టోపీలో ఈకలు, కుర్చీలో కూర్చుంటే అందక సగం లేచి నిలబడి యూరప్ ముక్కని కత్తితో లాక్కుంటుంటాడు. ఇద్దరూ దొంగలే ఆ బొమ్మలో, చూడండి, గిల్‌రే తన ప్రధానిని కూడా వదల్లేదు. కానీ మనకి మిగిలింది ఏది? పిట్ ఎలా ఉంటాడో ఎవరికీ తెలీదు, నెపోలియన్ పొట్టి అన్నది మాత్రం 200 ఏళ్ళు దాటినా చెరగలేదు. దాని మీద చరిత్రకారులు ఎన్ని వ్యాసాలు రాసినా లాభం లేదు, ఎందుకంటే వ్యాసానికి వ్యాసంతో జవాబు చెప్పొచ్చు గానీ బొమ్మకి ఎలా చెప్తారు. సంపాదకీయంలో మీ గురించి తప్పు రాస్తే రిజాయిండర్, అంటే ఖండన, పంపిస్తారు, మేం లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తాం. ముక్కు పెద్దగా వేశారని రిజాయిండర్ రాస్తే ఇంకో నలుగురు ఆ ముక్కుని చూస్తారు. అంతే జరుగుతుంది.

ఈ విషయం అందరికంటే ముందు ఫ్రెంచి ప్రభుత్వానికి అర్థమైంది. 1830 తర్వాత అక్కడ లూయీ ఫిలిప్ రాజు, ఆయన మొహం కింద దవడలు బాగా లావు, పైన తల సన్నం. షార్ల్ ఫిలిపాన్ అని కార్టూన్ పత్రికలు నడిపేవాడు, రాజుని అవమానించాడని 1831లో కోర్టుకి లాగారు. ఆయన అక్కడే కాగితం తీసుకుని నాలుగు బొమ్మలు వేసి చూపించాడు. మొదటిది రాజు మొహం. రెండోది అదే మొహం, దవడలు కొంచెం ఎక్కువ. మూడోది దాదాపు పండు. నాలుగోది అచ్చంగా బేరిపండు. మొదటిదానికి శిక్ష వేస్తే దానిలాగే ఉంది కాబట్టి రెండోదానికీ వేయాలి, అలా పోతే చివరికి దేశంలో బేరిపండ్లన్నిటికీ శిక్ష వేయాలి, రాజుగారు బేరిపండులా ఉండటం నా తప్పా అని వాదన. జైలు శిక్ష ఎటూ తప్పలేదు. కానీ ఆ తర్వాత పారిస్ గోడల మీద పిల్లలు బేరిపండ్లు గీయడం మొదలుపెట్టారు, మొహం అక్కర్లేదు, పేరక్కర్లేదు, పండు గీస్తే చాలు రాజే. అదే పత్రికల్లో పనిచేసిన దోమియే అయితే రాజుని జనం సొమ్ము నాలుక మీదుగా మింగేసే రాక్షసుడిగా వేసి 1832లో జైలుకెళ్ళాడు. 1835లో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది, నాకు చాలా ఇష్టమైన చట్టం, ఇష్టమంటే మంచిదని కాదు, నిజాయితీ ఉందని. వార్తలకీ వ్యాసాలకీ ముందస్తు అనుమతి అక్కర్లేదు, బొమ్మ అచ్చువేయాలంటే మాత్రం అనుమతి తీసుకోవాలి. అంటే అక్షరం వేరు బొమ్మ వేరు అని ప్రభుత్వమే చట్టంలో రాసి పెట్టింది.

సరే, ఇక అమెరికాకి వద్దాం, అక్కడ కొంచెం ఎక్కువసేపు ఉండాలి, ఎందుకంటే కార్టూన్ గొప్పతనం చెప్పేవాళ్ళందరూ చెప్పే కథ అక్కడిదే, సగమే చెప్తారు. థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు, ఆయన పత్రిక హార్పర్స్ వీక్లీ. 1871లో న్యూయార్క్ నగరాన్ని ట్వీడ్ అనే నాయకుడి ముఠా దోచుకుంటోంది, కోర్టు బిల్డింగ్ కడతామని లెక్కలేనంత డబ్బు తినేశారు. నాస్ట్ వారం వారం ట్వీడ్‌ని వేశాడు, పెద్ద బాన పొట్ట, చొక్కా మీద వజ్రం, ఒక బొమ్మలో అయితే తలకాయ ఉండాల్సిన చోట డబ్బు మూట. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన బొమ్మ ఇప్పటికీ జర్నలిజం క్లాసుల్లో చూపిస్తారు. ముఠా అంతా గుండ్రంగా నిలబడి ఉంటారు, ప్రజల సొమ్ము ఎవరు దొంగిలించారు అని ప్రశ్న, ప్రతివాడూ పక్కవాడి వైపు వేలు చూపిస్తాడు, అలా ఆ వేళ్ళు చుట్టూ తిరిగి మళ్ళీ మొదటివాడి దగ్గరకే వస్తాయి. దీనికి వివరణ కావాలా? చదువు రానివాడికి కూడా అక్కర్లేదు. పత్రికలు ఏం రాసినా నాకు లెక్కలేదు, నాకు ఓటేసేవాళ్ళకి చదువు రాదు, ఆ దిక్కుమాలిన బొమ్మలే చూడకుండా ఉండలేరు అని ట్వీడ్ విసుక్కున్నాడని చెప్పుకుంటారు.

ఆ తర్వాత ట్వీడ్ జైలుకెళ్ళాడు, తప్పించుకుని స్పెయిన్ పారిపోయాడు, 1876లో అక్కడ పట్టుకున్నారు, ఎలా పట్టుకున్నారంటే నాస్ట్ కార్టూన్ చూసి. ఆ కార్టూన్‌లో ట్వీడ్ ఖైదీ బట్టల్లో ఇద్దరు పిల్లల్ని కాలర్ పట్టుకుని ఉంటాడు, స్పెయిన్ వాళ్ళకి ఇంగ్లీషు రాదు, వీడెవడో పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనుకుని పట్టుకున్నారు. (నవ్వులు) బాగుంది కదా. బాగుంటుంది కాబట్టే అందరూ చెప్తారు.

చెప్పనిది ఏంటంటే, ఒకటి, ట్వీడ్ ముఠా పతనానికి అసలు దెబ్బ కొట్టింది 1871 జూలైలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన ఖాతా పుస్తకాల లెక్కలు. లెక్కలు లేకపోతే ఆ వేళ్ళ బొమ్మకి అంత బలం లేదు, వేళ్ళ బొమ్మ లేకపోతే ఆ లెక్కలు ఎంతమంది చదివేవాళ్ళో అదీ అనుమానమే. రెండోది ఇంకా బాగుంటుంది, అదే ఏడాది నవంబర్ ఎన్నికల్లో ముఠాలో చాలామంది ఓడిపోయారు గానీ ట్వీడ్ తన సీట్లో తాను గెలిచాడు. ఏడాదంతా దేశంలో అందరికంటే ఎక్కువ కార్టూన్లు పడ్డ మనిషి, గెలిచాడు. ఎందుకంటే ఆయన ఓటర్లు పేద వలస జనం, ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన క్యాథలిక్కులు, వాళ్ళకి ఉద్యోగం కావాలన్నా సాయం కావాలన్నా ట్వీడ్ మనుషులే దిక్కు. ఇప్పుడు ఆ ఐరిష్ వాళ్ళని ఇదే నాస్ట్ ఎలా వేసేవాడో తెలుసా? కోతి మొహం, చేతిలో సారా సీసా. వేళ్ళ బొమ్మ ఆగస్టు 1871, సెప్టెంబర్‌లో అదే పత్రికలో అదే చేత్తో ఇంకో బొమ్మ, నది ఒడ్డున బడిపిల్లలు, నీళ్ళలోంచి మొసళ్ళు పాక్కుంటూ వస్తుంటాయి, దగ్గరగా చూస్తే అవి మొసళ్ళు కావు, క్యాథలిక్ బిషప్పులు, వాళ్ళు తలమీద పెట్టుకునే టోపీలే మొసలి నోళ్ళు, పళ్ళతో సహా. పనితనం చూస్తే నోరు తెరుచుకోవాల్సిందే. దాని పేరు అమెరికా గంగానది. గంగ ఎందుకొచ్చింది మధ్యలో అంటారా, హిందూదేశంలో తల్లులు పిల్లల్ని గంగలో మొసళ్ళకి వేస్తారని అప్పట్లో మిషనరీ పుస్తకాల్లో బొమ్మలుండేవి, అక్కడి పిల్లలు అవి చూసి పెరిగారు. అంటే మన మీద ఎప్పుడో వేసిన బొమ్మని తీసుకొచ్చి ఇంకెవరినో కొట్టడానికి వాడాడు. పాతబొమ్మ పాఠకుడి తలలో రెడీగా ఉంది కాబట్టి పనైపోయింది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కార్టూన్ చూసే టైమెంత, నాలుగైదు సెకన్లు. అంత టైంలో కొత్త విషయం నేర్పడం ఎవడి వల్లా కాదు, కాబట్టి కార్టూనిస్టు చూసేవాడి బుర్రలో ముందే ఉన్న సరుకుతోనే పనిచేయాలి. లావుగా ఉంటే డబ్బున్నవాడు, సన్నగా ఉంటే పేదవాడు, గళ్ళ బనీను, కళ్ళకి గంత ఉంటే దొంగ, గడ్డం టోపీ ఉంటే ముస్లిం, ఆకులు కట్టుకుంటే గిరిజనుడు. ఇవి లేకుండా గీయమనండి, ఎంత తలపండిన కార్టూనిస్టయినా ఇబ్బంది పడతాడు. నేను దీన్ని తప్పుపట్టడంలేదు, అది ఆ పనికున్న పరిమితి. కానీ ఆ సరుకు వాడిన ప్రతిసారీ అది కొంచెం గట్టిపడుతుంది, వాడినవాడికి ఏ దురుద్దేశం లేకపోయినా సరే.

దురుద్దేశం ఉంటే ఏమవుతుందో కూడా చూశాం. మన కార్టూనిస్టు శంకర్ గారి మాట ఒకటి గుర్తుచేస్తాను. శంకర్స్ వీక్లీ 1948లో మొదలైంది, నన్ను కూడా వదలొద్దు శంకర్ అని నెహ్రూ గారు అన్నారని అందరికీ తెలిసిన కథే. ఎమర్జెన్సీ వచ్చాక 1975 ఆగస్టులో పత్రిక మూసేస్తూ వీడ్కోలు సంపాదకీయం రాశారు, నియంతృత్వం నవ్వుని భరించలేదు, హిట్లర్ ఉన్నన్నేళ్ళూ ఒక మంచి కామెడీ గానీ మంచి కార్టూన్ గానీ రాలేదు అని. గొప్ప సంపాదకీయం, ఆ రోజుల్లో అది రాయడానికి ధైర్యం కావాలి. అయినా ఆ మాటతో నాకు పేచీ ఉంది. హిట్లర్ రోజుల్లో నవ్వుకేం కరువు లేదండీ. స్ట్రైకర్ అనేవాడి పత్రిక డెర్ స్టూర్మర్ 1923 నుంచీ యుద్ధం ముగిసేదాకా వచ్చింది, యూదుల మీద కార్టూన్ వెయ్యకుండా ఉన్నదెప్పుడు, వంకర ముక్కు, బొద్దు పెదాలు, పక్కన భయపడుతున్న జర్మన్ పిల్ల. ఆ పత్రికని అద్దాల పెట్టెల్లో పెట్టి వీధుల్లో నిలబెట్టేవాళ్ళు, కొననక్కర్లేదు, నడుస్తూ చూసి నవ్వుకుని వెళ్ళొచ్చు. 1946లో నాజీల మీద న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణ, తీర్పు తర్వాత స్ట్రైకర్‌ని ఉరితీశారు, ఆయన సైన్యాన్ని నడిపినవాడు కాదు, పత్రిక నడిపినవాడు. ఇంకో పత్రిక ఉంది, సింప్లిసిసిమస్, అది మొదట్లో జర్మన్ చక్రవర్తి కైజర్‌నే ఆటపట్టించిన పత్రిక, నాజీలని కూడా వేసింది, 1933 తర్వాత హైనె అనే దాని పెద్ద కార్టూనిస్టు యూదుడు కాబట్టి దేశం విడిచి పారిపోవాల్సొచ్చింది, మిగతావాళ్ళు సర్దుకున్నారు, పత్రిక 1944 దాకా నడిచింది. పేరు అదే, గీతలు కూడా దాదాపు అవే. నియంత నవ్వుని ఆపడు, ఎవర్ని చూసి నవ్వాలో చెప్తాడు.

సోవియట్ యూనియన్‌లో బోరిస్ యెఫీమోవ్ అనే కార్టూనిస్టు గురించి చెప్పాలి, చెప్పకపోతే ఇది పూర్తికాదు. 1900లో పుట్టి 2008లో పోయాడు, నూరేళ్ళు దాటి బతికాడు. ఆయన మొదటి కార్టూన్ల పుస్తకానికి ముందుమాట రాసింది విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ. తర్వాత ట్రాట్‌స్కీని దేశద్రోహిగా, నాజీల తొత్తుగా వేసిందీ ఆయనే. అన్న కొల్త్‌సోవ్ పేరున్న జర్నలిస్టు, 1938లో అరెస్టు చేసి 1940లో కాల్చిచంపారు, తమ్ముడు ఆ ప్రభుత్వానికే గీస్తూపోయాడు. 1947లో అమెరికా మీద వేసిన ఒక కార్టూన్‌కి స్టాలిన్ స్వయంగా పెన్సిల్ పట్టుకుని దిద్దుబాట్లు చేశాడు. ఒక దేశాధినేతకి అంత తీరిక ఎక్కడిది అనిపిస్తుంది. తీరిక కాదు, దాని విలువ తెలుసు. యెఫీమోవ్‌ని పిరికివాడు అని తేల్చేయడం నాకిష్టం ఉండదు, తుపాకి నా తలకి గురిపెట్టి లేదు కదా.

మన దేశంలో కార్టూన్ ప్రభావం అనగానే అబూ అబ్రహాం స్నానాల తొట్టి కార్టూన్ చెప్తారు, 1975 డిసెంబర్, రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ తొట్టిలో కూర్చుని ఆర్డినెన్సు మీద సంతకంపెట్టి చెయ్యి బయటికి చాపి ఇంకా ఉంటే కాస్త ఆగమనండి అంటుంటాడు. గొప్ప కార్టూన్, ఆ రాష్ట్రపతి గురించి ఇవాళ జనానికి గుర్తున్నది అదొక్కటే అంటే అన్యాయమో న్యాయమో మీరే ఆలోచించుకోండి. కానీ నిజంగా కార్టూన్‌లోంచి రాజకీయం పుట్టిన ఉదాహరణ అది కాదు. బాల్ ఠాక్రే ఫ్రీ ప్రెస్ జర్నల్‌లో కార్టూనిస్టు, బయటికొచ్చి 1960లో మార్మిక్ అనే కార్టూన్ వారపత్రిక పెట్టాడు. అందులో కార్టూన్ల పక్కన ఏముండేదో తెలుసా, బొంబాయి కంపెనీల్లో ఆఫీసర్ల పేర్ల జాబితాలు, ఎక్కువ మన దక్షిణాది పేర్లే, పైన శీర్షిక చదవండి చప్పుడు చేయకుండా కూర్చోండి అని. ఆరేళ్ళు తిరిగేసరికి 1966లో శివసేన పుట్టింది. ప్రశ్నించే గీత, అధికారానికి ఎదురునిలిచే గీత అని మనం ఉపన్యాసాలు ఇస్తుంటాం కదా, అదే గీత పార్టీని కూడా పెట్టగలదు.

ఇంతవరకూ రాజకీయ కార్టూన్లు. వాటిని చూసేటప్పుడు ఎంతోకొంత జాగ్రత్తగానే ఉంటాం, ఇది ఏ పత్రిక, ఎవరివైపు అని తెలుసు. నాకు అసలు భయం వారపత్రికల్లో మధ్య పేజీల్లో వచ్చే మామూలు జోకు కార్టూన్ల మీద. ఎందుకంటే అక్కడ కాపలా ఉండదు. అప్పడాల కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య, తలమీద బుడిపెతో మొగుడు. ఇది మన సొంతం అనుకుంటాం గానీ కాదు, అమెరికాలో జిగ్స్, మ్యాగీ అనే జంట 1913 నుంచే పేపర్లలో ఇదే పని చేస్తూ ఉండేవాళ్ళు, మ్యాగీ చేతిలో ఇదే కర్ర. ప్రపంచంలో ఏ దేశంలో లెక్క తీసినా ఇళ్ళల్లో దెబ్బలు తినేది ఎక్కువగా ఎవరు? కార్టూన్లలో తినేది ఎవరు? లెక్క తిరగబడింది కదా. వందేళ్ళుగా తిరగబడిన ఆ బొమ్మే చూసి చూసి, ఒక ఆడమనిషి వచ్చి మా ఆయన కొట్టాడండీ అంటే ముందు నవ్వు ముఖం పెట్టే పోలీసులు తయారయ్యారు, నాకు అలా అనిపిస్తుంది. రుజువు చూపించమంటే చూపించలేను. కానీ జోకు ఎక్కడిదో వెతుక్కుంటూ పోతే ఆ బొమ్మ దగ్గరికే వస్తాం. అలాగే ఒళ్ళో కూర్చున్న సెక్రటరీ, నగలు అడిగే భార్య, తప్పు లెక్కలు చెప్పే పనిమనిషి. మగవాళ్ళు గీశారు, మగ ఎడిటర్లు వేశారు, నేను కూడా జాగా వదిలాను. రాగతి పండరి గారు వచ్చి ఏళ్ళ తరబడి గీసేదాకా తెలుగులో ఆడవాళ్ళ చేతిలోంచి ఆ స్థాయిలో కార్టూన్లు వచ్చిందే లేదు.

ఆర్.కె. లక్ష్మణ్ గారి కామన్ మ్యాన్ విషయంలో కూడా ఇదే అడగాలనిపిస్తుంది. ధోవతి, గళ్ళకోటు, బట్టతల, కళ్ళజోడు, నోరు మెదపడు, అన్నీ చూస్తుంటాడు. 1951 నుంచి అర్ధశతాబ్దం పైన దేశానికి సామాన్యుడంటే ఆ మొహమే. ఎంత ప్రేమగా గీసినా చూడండి, సామాన్యుడు మగవాడు, పేపరు చదువుకున్నవాడు, ధోవతీ కోటూ తీరు చూస్తే కులం కూడా దాదాపు ఊహించొచ్చు. పొలంలో పనిచేసే ఆమె ఆ లెక్కన ఏమవుతుంది, సామాన్యురాలు కాదా? లక్ష్మణ్ గారిని తగ్గించడానికి అనడంలేదు, ఆయన గీసిన కాకి ముందు కూడా నేను నిలబడలేను. (నవ్వులు) కానీ సామాన్యుడు అనగానే మనకి ఆ బొమ్మే లేస్తోందంటే, లేవని బొమ్మలు ఏవో కూడా లెక్కేసుకోవాలి.

ఇక నత్త కార్టూన్. దీనికి కొంచెం ఓపిక పట్టండి. 1949 ఆగస్టులో శంకర్ వేశారు. నత్త మీద రాజ్యాంగం అని రాసి ఉంటుంది, దాని మీద అంబేద్కర్ కళ్ళెం పట్టుకుని కూర్చుని ఉంటారు, ఆయన చేతిలో ఒక కొరడా. వెనక నెహ్రూ నిలబడి ఇంకో కొరడా ఎత్తి ఉంటాడు. దూరంగా జనం చూస్తుంటారు. విషయం ఏంటంటే రాజ్యాంగ రచన నెమ్మదిగా సాగుతోంది అని, అంతే. నెహ్రూ కొరడా నత్తకి. ఆ రోజు గొడవ జరిగినట్టు ఎక్కడా కనపడదు. 2006లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో వేశారు, ఆరేళ్ళు పిల్లలు చదువుకున్నారు. 2012 మేలో పార్లమెంటులో గొడవైంది, మంత్రి క్షమాపణ చెప్పారు, పుస్తకం సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు, పుణెలో పల్షీకర్ ఆఫీసు మీద దాడి చేశారు.

అప్పుడు పేపర్లలో ఎక్కువమంది రాసింది ఏంటి, వీళ్ళకి కార్టూన్ చదవడం రాదు, హాస్యం తెలీదు అని. నాకు అది అహంకారం అనిపించింది. ఒకసారి ఆ బొమ్మని కాప్షన్ తీసేసి చూడండి. ముందు కూర్చున్నవాడు దళితుడు, వెనక కొరడా ఎత్తి నిలబడ్డవాడు బ్రాహ్మణుడు, చుట్టూ జనం వినోదం చూస్తున్నారు. తరతరాలు ఆ కొరడా తెలిసిన ఇంట్లోంచి వచ్చిన పిల్లవాడికి కొరడా నత్తకా, మనిషికా అనే ప్రశ్న రాదా? ఒక తెలుగు కార్టూనిస్టు ఆ కాలపు ఇంగ్లీషు పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లు ఏరి పుస్తకం వేశాడు, వందకి పైగా ఉన్నాయి, ఒక్కొక్కటే తిరగేస్తే చాలావాటిలో ఒకటే పని, మనిషిని చిన్నగా వేయడం. పక్కన గాంధీ, నెహ్రూ మామూలు సైజులో ఉంటే ఈయన పిల్లాడి సైజు. నెపోలియన్ సంగతి ఇందాక చెప్పుకున్నాం కదా, శత్రుదేశం వాళ్ళు చేస్తే చరిత్ర అంటాం, మనవాళ్ళు చేస్తే హాస్యం అంటాం. శంకర్‌కి చెడు ఉద్దేశం ఉందని నేననుకోను, ఆయన బుర్రలో ఉన్న సరుకుతో ఆయన గీశాడు, ఆయన పాఠకులు కూడా అదే సరుకు ఉన్నవాళ్ళు కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు. పాఠకులు మారారు, బొమ్మ మారింది. ఆఫీసు మీద దాడిని మాత్రం సమర్థించను, పుస్తకంలోంచి తీసేయడం కూడా నాకు నచ్చలేదు, పక్కనే ఈ రెండు రకాల చదువూ రాసి ఉంచితే అంతకంటే మంచి పాఠం ఏముంది ఆ వయసు పిల్లలకి.

నాజీ అల్ అలీ అనే కార్టూనిస్టు గురించి రెండు ముక్కలు, ఆయన పేరే నాజీ, హిట్లర్ నాజీలతో సంబంధం లేదు. పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో పెరిగినవాడు, హందాలా అని పదేళ్ళ పిల్లాణ్ణి వేశాడు, చెప్పుల్లేవు, చేతులు వెనక్కి కట్టుకుని మనకి వీపు చూపిస్తూ నిలబడతాడు. ఇజ్రాయెల్‌ని వేశాడు, అరబ్బు రాజుల్నీ వేశాడు, సొంత నాయకుల్నీ వేశాడు. 1987లో లండన్‌లో వీధిలో కాల్చేశారు. ఇందాకటినుంచీ ముక్కులూ పొట్టలూ అని చెప్తున్నా కదా, ఈయన చేసింది చూడండి, 1973 నుంచీ ఆ పిల్లాడి మొహమే చూపించలేదు. మొహం లేకపోతే దాన్ని ఎగతాళి బొమ్మగా మార్చడం ఎవరికీ కుదరదు. అందుకే ఇప్పటికీ గోడల మీద ఉన్నాడు.

ఇంక చాలు, ప్రశ్నలుంటే అడగండి.

(మీమ్స్ వచ్చాక పత్రిక కార్టూన్‌కి పనేముంది అని ఒక విద్యార్థి అడిగారు.)

పత్రికలే ఆ మాట అంటున్నాయమ్మా. న్యూయార్క్ టైమ్స్ 2019లో ఒక కార్టూన్ మీద పెద్ద గొడవయ్యాక అంతర్జాతీయ ఎడిషన్‌లో రోజువారీ రాజకీయ కార్టూన్లే ఆపేసింది. తలనొప్పి ఎందుకని. మీమ్‌కీ కార్టూన్‌కీ నాకు కనపడే తేడా కింద మూల సంతకం. కార్టూన్ నచ్చకపోతే ఎవర్ని తిట్టాలో తెలుసు, ఎడిటర్‌కి ఫోన్ చేయొచ్చు, కోర్టుకి వెళ్ళొచ్చు, ఫిలిపాన్ లాగా వాడు కోర్టులో నిలబడి వాదించాలి. మీమ్ ఎవడు చేశాడో తెలీదు, దొరికేది ఫార్వర్డ్ చేసినవాడు. 2012లో కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్‌ని అలాగే అరెస్టు చేశారు, ఆయన చేసింది కాదు, మెయిల్ పంపించాడంతే. ఇంకోటి, మంచి కార్టూనిస్టు వారానికోసారైనా తన పాఠకుడికి నచ్చనిది వేస్తాడు, ఆ గిల్‌రే పిట్‌ని వేసినట్టు. మీమ్ మన గ్రూపులో మనకి నచ్చినవే తిరుగుతాయి. మిగతాదంతా పాతదే, ముక్కు, పొట్ట, గడ్డం.

(విద్వేషం పెంచే బొమ్మలకి చట్టం ఉండాలి కదా అని ఇంకొకరు.)

విద్వేషం వేరే సంగతి. రువాండాలో కంగూరా అనే పత్రిక టుట్సీల ఊచకోతకి ముందు వాళ్ళ మీద ద్వేషం పెంచుతూ బొమ్మలతో సహా ఏం చేసిందో చూశాక దాని ఎడిటర్‌కి అంతర్జాతీయ కోర్టు శిక్ష వేసింది, అది సబబే. కానీ చట్టం రాసేవాళ్ళు ఎప్పుడూ తమ మొహం గుర్తుపెట్టుకుని రాస్తారు, అదీ ఇబ్బంది. అమెరికాలో పెన్సిల్వేనియా గవర్నర్ పెనీపాకర్‌ని ఎన్నికల్లో ఒక కార్టూనిస్టు చిలకలా వేశాడు, వెనకున్న పెద్దాయన చెప్పింది పలుకుతాడని. ఆయన గెలిచాక 1903లో మనుషుల్ని జంతువుగానో పక్షిగానో చేపగానో పురుగుగానో వేయకూడదని బిల్లు పెట్టించారు. రెండు మూడు రోజులు తిరక్కుండా మెక్‌డూగల్ అనే ఇంకో కార్టూనిస్టు గవర్నర్‌ని బీరు మగ్గులా వేశాడు, మిగతా నాయకుల్ని చెట్టుగా, దుంపగా వేశాడు, బిల్లులో కూరగాయల మాట లేదు కదా అని. జంతువుల బిల్లు పక్కకిపోయింది, అదే ఏడాది పత్రికల మీద వేరే చట్టం తెచ్చుకున్నారు, 1907లో అదీ ఎత్తేశారు.

ఇంకెవరైనా? హాలు ఖాళీ చేయమంటున్నారు, మిగతావి బయట మాట్లాడుకుందాం.